అడుగోటి కుండ

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీకి సున్నం కొట్టించి, గుమ్మం మీద ఇంత పొడుగు బోర్డు తగిలించి, ‘మృత్తికా కళా పునరుజ్జీవన కేంద్రం’ అని పేరు పెట్టారు. ఊళ్ళో సగం మందికి ఆ పేరు పలకడానికి నోరు తిరగలేదు. నోరు తిరిగినవాళ్ళకు అర్థం కాలేదు. రాయి పెద్దమ్మ బోర్డు కింద నిలబడి, పక్కింటావిడ చేత రెండుసార్లు చదివించుకుని, “అంటే కుండలు చేస్తారన్నమాట. ఆ మాట అనడానికి సిగ్గేసిందా వీళ్ళకి?” అని మూతి మూడు వంకర్లు తిప్పి ఇంటికి పోయింది.

సిగ్గుపడాల్సిన సంగతులు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఇంటింటా కుమ్మరి సారె తిరిగిన ఊరది. ప్లాస్టిక్ బిందె వచ్చి కుండను మింగింది, స్టీలు గిన్నె వచ్చి సట్టిని మింగింది. మట్టి తవ్వే గుంటలో ఊరు తన చెత్త పోసుకుంది. సారెలు పొయ్యిలోకి పోయాయి. అప్పుడు అయ్యో అన్న నాథుడు లేడు. ఇప్పుడు పట్నం నుంచి కారొచ్చి, అందులోంచి కళ్ళజోడు మేడమ్ దిగి, “మీ ఊరి కళ అంతరించిపోయింది!” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి, ఊరంతా ముక్కు చీదింది. చచ్చిన గేదెకు మేతేసినట్టే ఉంది వీళ్ళ వ్యవహారం అనుకుంది పెద్దమ్మ.

పెద్దమ్మకు రాయి అనే పేరు ఊరికే రాలేదు. గుప్పిట్లో ఇమిడే నల్లటి ఏటిరాయి ఒకటి ఆవిడ దగ్గర ఉంది. అత్తగారు ఇచ్చింది. అత్తగారికి ఆవిడ అత్తగారు ఇచ్చింది. కుండలు కాల్చే ఆవం విప్పి, కుండలు చల్లారాక, ఇంటి ఆడది ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని వేలి కణుపుతో వాయించాలి. ఖంగుమంటే సరే. గొంతు జీరపోయిందా, రాయి తీసి మూతి అంచు మీద ఒక్క దెబ్బ. గోరంత పెచ్చు ఎగిరిపోవాలి. అంతే, ఆ కుండ ఇక సంత మొహం చూడదు. పైకి ఎంత నున్నగా ఉన్నా, మూతి విరిగినదాన్ని మంచిదని ఎవడూ అమ్మలేడు, ఎవతీ మోసపోయి కొనదు.

ఇంకో మాట. చేసిన మనిషి వాయించకూడదు, వాయించేటప్పుడు ఎదురుగా నిలబడనూ కూడదు. మొహం చూస్తే రాయి మెత్తబడుతుందని పెద్దలు అనేవారు. అందుకే పెద్దమ్మ మొగుడు, ఆవిడ కుండలు ముందేసుకుని కూర్చోగానే, నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి, వీపు ఇటు తిప్పి, ఉన్న మట్టీ లేని మట్టీ కడుక్కుంటూ నిలబడేవాడు. రాయి దెబ్బ వినపడ్డప్పుడల్లా ఆ వీపు కాస్త వంగేది. ఒకసారి వానల్లో కట్టెలు తడిసి, ఆవం ఆవమంతా పాడైతే, పెద్దమ్మ మొత్తం మూతులు విరగ్గొట్టింది. “కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అన్నారా! ఏడాది కష్టం ఒక్క దెబ్బకు సరి!” అని వీధి వీధంతా నవ్వింది. మొగుడు చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే కొట్టింది, ఒక్కటి కూడా వదల్లేదు.

మొగుడు పోయాడు, ఆవం చల్లారింది. పెరట్లో ఆవం గోడల మధ్య కోళ్ళు కాపురం పెట్టాయి. రాయి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది. “రాయే కదా, ఏ పనైతేనేం” అని పైకి అనేది పెద్దమ్మ. లోపల మాత్రం వేరే మాట. తను పోతే అది తలుపు రాయిగానే పోతుంది. వాయించదగ్గ కుండ ఒక్కటి, కడసారిగా ఒక్కటి, తన ఒళ్ళోకి వస్తుందా అని ఆవిడకు ఎప్పుడూ ఒకటే దిగులు. ఆ దిగులును ఆవిడ తిట్లతో కప్పిపెట్టుకునేది.

ఇప్పుడు అసలు తమాషా. కళ్ళజోడు మేడమ్ ఊరంతా తిరిగి పాత కుండలు ఏరింది. అవి ఎక్కడ దొరికాయి? కోళ్ళకు నీళ్ళు పోసే చోట, బూడిద పోసే చోట, పెరట్లో మొక్క నాటిన చోట. మంచి కుండ నీళ్ళు మోస్తుంది, నిప్పు మీద కూర్చుంటుంది, పనిచేసి పనిచేసి ఏదో రోజు పగిలిపోతుంది. పనికిమాలినదానికే ఆయుష్షు. దొరికిన ప్రతి కుండకూ మూతి విరిగే ఉంది. మేడమ్ ఆ విరుపును వేలితో తడిమి, “ప్రతిదానికీ ఇదే గాటు! ఇది మీ పూర్వీకుల సంతకం!” అని పులకరించిపోయింది. వెంటనే ఒక రేకుముక్క నెలవంకలా కత్తిరించి, కేంద్రంలో నేర్చుకునేవాళ్ళ చేత, పచ్చి కుండకే అంచు మీద ఆ గాటు కోయించడం మొదలుపెట్టింది. ప్రతి కుండకూ ఒకే కొలత, ఒకే చోట.

ఈ సంగతి విన్న రోజు పెద్దమ్మ నవ్విన నవ్వుకు పక్కింటావిడ మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

పాత తలలన్నీ రాలిపోయాక, ఆ నిజం తెలిసిన మనిషి ఊళ్ళో ఇంకొకడే మిగిలాడు, మోతల తాత. వరసకు పెద్దమ్మకు మరిది. ఒకప్పుడు కావడి మీద కుండలు సంతకు మోసిన మనిషి. సారె మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. అతన్ని పట్టుకుపోయి, భుజాన శాలువా కప్పి, ‘చివరి మహాశిల్పి’ అని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు.

“ఏమయ్యా మహాశిల్పీ, ఆ గాటు సంగతి వాళ్ళకి చెప్పలేదా?” అని వీధిలో నిలదీసింది పెద్దమ్మ.

“వాళ్ళు అడగలేదు వదినా. అడగనిది చెప్పడం మర్యాద కాదు కదా” అన్నాడు తాత. “పైగా రోజూ టీ ఇస్తున్నారు.”

“నువ్వు మోసింది కుండలు కాదు, గాలి!” అని ఉమ్మేసి వచ్చేసింది.

మేడమ్ ఓ రోజు పెద్దమ్మ ఇంటికీ వచ్చింది. మూలన నీళ్ళ కుండ ఉంది. మొగుడు చేసిన మంచి కుండల్లో మిగిలింది అదొక్కటే. అంచు చెక్కు చెదరకుండా గుండ్రంగా ఉంది. మేడమ్ దాని చుట్టూ తిరిగి, వంగి చూసి, పెదవి విరిచింది.

“బాగుంది గానీ, ఇది మీ ఊరిది కాదు కదమ్మా. గాటు లేదు.”

ఆ గాటు అసలు సంగతి పెద్దమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఇంత చక్కటి మాటను ఒక్క మనిషి ముందు పారేసుకుంటే ఏం లాభం? ప్రారంభోత్సవం రోజున మైకు ముందు, ఊరందరి ఎదుట చెప్పాలి. అప్పుడు చూడాలి ఈ కళ్ళజోడు ఎక్కడ జారిపడుతుందో.

“అవునమ్మా, కాదు. ఎక్కడో సంతలో కొన్నదిలే” అంది, ఏమీ ఎరగనట్టు.

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కోడలు అత్త మొహం చూసింది. తర్వాత కుండ అంచు చూసింది.

ఈ కోడలంటే పెద్దమ్మకు మొదటి నుంచీ చులకనే. కుండలు చేసే ఇంటి పిల్ల కాదు, బట్టలు కుట్టే ఇంటి పిల్ల. కొడుకు లారీ నడుపుతూ ఎప్పుడో గానీ ఇల్లు చేరడు. చేరినా, “మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి” అని దుప్పటి ముసుగేస్తాడు. అలాంటి కోడలు కుట్టుపని దుకాణం మానేసి కేంద్రంలో చేరతానన్నప్పుడు పెద్దమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది.

“కుట్టుమిషను తొక్కిన కాలుతో సారె తిప్పుతావటే? కుండకు అంచు మడిచి కుడతావా ఏం? బొత్తాలు కూడా పెట్టు!”

“పెడతాలెండి అత్తయ్యా” అంది కోడలు. మర్నాడు పోయి చేరింది.

కేంద్రంలో సరిగా కుదరని పనిని కోడలు ఇంటికి తెచ్చుకునేది. పెరట్లో కూర్చుని, పచ్చి కుండ లోపల మట్టి గుండు ఆనించి, బయట చెక్కతో తట్టుకుంటూ గోడ పలచన చేసేది. ఆ చప్పుడు పెద్దమ్మ ప్రాణానికి వచ్చేది. ఇంట్లోంచే అరిచేది.

“అది తట్టడమా? దుప్పటి దులుపుతున్నావా?”

చప్పుడు మారేది.

“ఎడమ పక్క నిద్రపోతోంది! చెయ్యి తిరగట్లేదు, నడుము కూడా అరిగిపోయిందా?”

మళ్ళీ మారేది.

“అడుగు వదిలేశావు! అడుగు లేని కుండలో నీ మేడమ్‌ని కూర్చోబెట్టుకో!”

పెద్దమ్మ నేర్పిస్తున్నానని ఒక్కరోజు కూడా అనుకోలేదు. తిడుతున్నాననే అనుకుంది. కోడలు మాత్రం ఆ తిట్ల మీది పొట్టు ఊదేసి, గింజ ఏరుకుంది. ఆ చేతులు పగిలాయి, నెత్తురోడాయి, మళ్ళీ మానాయి. పెద్దమ్మ అదీ చూసింది. చూసి, “తైలం గూట్లో ఉంది, నేనేం రాయను” అని అటు తిరిగి పడుకుంది.

ఒక మధ్యాహ్నం కోడలు చెక్క ఆపి అడిగింది.

“అత్తయ్యా, మామయ్య కుండకు గాటెందుకు లేదు?”

“నీకెందుకే?”

“కోళ్ళ దగ్గరున్న వాటన్నిటికీ ఉంది. మనం తాగేదానికి లేదు.”

ఇన్ని చదువులు చదివినవాళ్ళు అడగని ప్రశ్న ఈ దారప్పోగు అడుగుతోంది! సంతోషమే వేసింది. కానీ సంతోషాన్ని కోడలికి చూపించడమా?

“మీ కేంద్రంలో ఎవరి కుండ వాళ్ళే చూసుకుని బాగుందంటే బాగుందనుకుంటున్నారటగా. చేసినవాడు వాయించకూడదు, వాయించేవాళ్ళ ఎదుట నిలబడకూడదు. మీ మామయ్య పోయి తొట్టి దగ్గర చేతులు కడుక్కునేవాడు. అదీ పని చేసే పద్ధతి. మీరు చేసేది నాటకం” అని కసిరి, లోపలికి పోయింది. గాటు సంగతి చెప్పలేదు. దాన్ని మైకు కోసం దాచుకుంది.

ప్రారంభోత్సవం రానే వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ ముందు కుర్చీలు, పందిరి, మైకు. బల్లల మీద కుండలు వరసగా నిలబెట్టారు. ప్రతి కుండా ఒకే పక్క ఒకే గాటుతో, ఆ వరసంతా పళ్ళూడిన పిల్లల తరగతి ఫొటోలా ఉంది. పట్నం నుంచి పెద్ద హోటలాయన వచ్చాడు. ఆయనకు నచ్చితే కేంద్రంలో చేసే కుండలన్నీ ఆయనే కొంటాడట. మోతల తాత శాలువాలో చెమటలు కక్కుతున్నాడు. పెద్దమ్మ పెట్టెలోని మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచిలో రాయి వేసుకుని, ముందు వరసలో కూర్చుంది. మేడమ్ మాట్లాడడం అయిపోగానే లేవాలి. ‘అమ్మా, నువ్వు ముద్దు పెట్టుకుంటున్నది పనికిమాలిన కుండ గుర్తు’ అనాలి. మాట నాలుక మీద తియ్యగా ఊరుతోంది.

అప్పుడు బల్ల చివర గొడవ మొదలైంది.

“నీదానికి గాటేదీ?” మేడమ్ గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గలేదు. “కొయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?”

“వాయించాక చూద్దామండీ” అంది కోడలు.

“వాయించడమేంటి?”

కోడలు తన కుండను రెండు చేతులా ఎత్తుకుని, అందరి మధ్య నుంచి నడిచొచ్చి, పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది.

“చూడండి అత్తయ్యా.”

అంతే. వెనక్కి తిరిగి, పందిరి పక్కనున్న కుళాయి దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆ చేతులకు మట్టి లేదు. పొద్దున్నే తోముకున్న చేతులవి.

పెద్దమ్మకు కళ్ళు మసకబారాయి. దాచుకున్న మాట, మైకు, మేడమ్ కళ్ళజోడు అన్నీ ఎటో పోయాయి. ఒళ్ళో కుండ బరువుంది. భుజాలు సమంగా ఉన్నాయి, నడుము పలచగా ఉంది, అంచు గుండ్రంగా ఉంది. దుకాణంలో బట్టలు కుట్టిన పిల్ల చేసిందంటే ఎవరు నమ్ముతారు? పెద్దమ్మ వేలి కణుపు మడిచింది.

భుజం మీద వాయించింది. ఖంగుమంది. నడుము మీద వాయించింది. ఖంగుమంది. కుండను వంచి అడుగు మీద వాయించింది.

జీరపోయింది.

మళ్ళీ వాయించింది, కాస్త పక్కగా. జీరే. మసలుతున్న జనంలో ఇంకెవరికీ వినపడనంత సన్నటి జీర. ఆవిడ చెవికి మాత్రం పిడుగు. ‘ఒక్కసారికి ఖంగుమందనుకుంటే ఏం? ఇంతమందిలో పిల్ల పరువు పోతుందే’ అని మనసు పీకింది. కుళాయి వైపు చూసింది. ఆ వీపు వంగి లేదు. నిటారుగా, దెబ్బ కోసం కాచుకుని ఉంది. ఆ వీపుకు అబద్ధం చెప్పడం పెద్దమ్మ వల్ల కాలేదు.

సంచిలోంచి రాయి తీసి, అంచు మీద ఒక్క దెబ్బ వేసింది. పెచ్చు ఎగిరి మేడమ్ చెప్పుల దగ్గర పడింది.

మేడమ్ రెండు చేతులూ గుండెలకు హత్తుకుని, మైకు లాక్కుంది. “చూశారా! గాటు వేసే అసలు పద్ధతి! సజీవ సంప్రదాయం!” అంతే, చప్పట్లు. కుర్చీలు కిర్రుమన్నాయి, ఫోన్లు పైకి లేచాయి. మోతల తాత అందరికంటే గట్టిగా కొట్టాడు.

“సంప్రదాయమూ కాదు, సంతకమూ కాదు!” పెద్దమ్మ లేచి అరిచింది. “ఇది ఓటి కుండ! పనికిరానిదానికి వేసే గుర్తిది! మీ బల్లల మీదున్నవన్నీ పనికిరానివని మీరే కోసి పెట్టుకున్నారు!”

“విన్నారా?” మేడమ్ కళ్ళు ఇంకా మెరిశాయి. “పనికిరాదన్న దాన్నీ పారేయకుండా ముస్తాబు చేసిన గొప్ప మనసు! లోపాన్ని కూడా ప్రేమించిన ఊరిది!”

మళ్ళీ చప్పట్లు. మందమతికి బుద్ధి చెప్పవచ్చు, పులకరించేవాళ్ళకు ఏం చెబుతాం? ఇన్నాళ్ళు దాచుకున్న బాంబు తుస్సుమంది.

కోడలు తడి చేతులతో వచ్చింది. కుండను చూసింది. మొహంలో రంగు తగ్గింది గానీ, గొంతు తొణకలేదు.

“ఎక్కడ అత్తయ్యా?”

“అడుగు.”

“ఎడమ పక్కా?”

“ఆ.”

“అక్కడ తట్టేటప్పుడే అనుమానం వచ్చింది” అంది కోడలు, తనలో తను అన్నట్టు.

హోటలాయన ముందుకొచ్చాడు. “నాకు ఇది కావాలి. మా హోటలు గుమ్మంలోనే పెడతాను. పెద్దావిడ స్వయంగా గాటు పెట్టింది కదా, దీని అందమే వేరు.”

“అది అమ్మేది కాదండీ” అంది కోడలు.

“అంటే?”

“ఓటిదండీ అది.”

మేడమ్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. “పిచ్చి పనులు చెయ్యకు. ఆయన అడిగింది నీ కుండనే! నీ బతుకు మారిపోతుంది.”

“ఓటిదని తెలిశాక ఎలా అమ్మమంటారండీ?”

“అయితే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు” అంది మేడమ్, నవ్వు చెదరకుండా, ఫోన్లు ఇంకా పైకే ఉన్నాయి కాబట్టి.

కోడలు కుండను ఎత్తుకుంది. హోటలాయన బల్ల మీద కుండలన్నీ తీసుకున్నాడు, ఒక్కటీ వాయించకుండా.

ఇంటి దారిలో వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. “అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!” అని పక్కింటావిడ సామెత అందుకుంది. “పెద్దమ్మా, కోడలి నోటి దగ్గర కూడు కొట్టేసి, కుండ ఓటిదంటావా?”

పెద్దమ్మ ఆ మాటకు తల వంచుకుంది. పిల్ల దుకాణం వదులుకుంది, కేంద్రమూ పోయింది. చేసింది తనే కదా.

“నిజంగానే అడుగోటిదండీ పిన్నిగారూ” అంది కోడలు, ఆగకుండా నడుస్తూ. “కావాలంటే వాయించి చూడండి.”

పక్కింటావిడ వాయించలేదు. వాయించినా ఆవిడకేం తెలుస్తుంది?

ఇంటికొచ్చాక కోడలు కుండను పెరట్లోకి తీసుకుపోయి, నీళ్ళు పోసి, కోళ్ళ ముందు పెట్టింది. అడుగు నుంచి సన్నగా చెమ్మ ఊరి, మట్టి తడిసింది. ఇద్దరూ ఆ తడి వైపే చూస్తూ నిలబడ్డారు. పెద్దమ్మకు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఆవిడకు ఆ విద్య రాదు.

“ఏడవాలనుంటే ఇప్పుడే ఏడు. తర్వాత టైముండదు” అంది.

“ఎందుకుండదు?”

“ఆవంలోంచి కోళ్ళను ఎవరు తరుముతారు, మీ మేడమా? ముందు అది చూడు. మళ్ళీ చెయ్యి. అడుగు మళ్ళీ వదిలేశావో, మళ్ళీ విరగ్గొడతా.”

కోడలు కళ్ళు తుడుచుకుంది. “విరగ్గొట్టండి” అంది.

అప్పుడే గాలికి వీధి తలుపు దడాలున కొట్టుకుంది. కోడలు అలవాటుగా పెద్దమ్మ సంచిలోని రాయి కోసం చెయ్యి పెట్టింది. పెద్దమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

“తలుపుకు ఇంకో రాయి వెతుక్కో పో. దీనికి పనుంది.”